మెత్తని ఐసు

ఇరవై రెండేళ్ళుగా నా చేతులు ఐసులోనే.
దాసన్నపేట దాటాక ఫ్యాక్టరీ,
రాత్రి రెండింటికి చింతపల్లి పడవల కోసం లోడు.
కొక్కెం తగిలించి లాగితే
సిమెంటు మీద దిమ్మ జారుకుంటూ పోతుంది.
మా గుంట చిన్నప్పుడు ఆ తడిజాడ వెంట పరుగు.
"ఏటి నాన్నా, దానికి కాళ్ళే లేవు కదా!"

తొమ్మిదో ఏట చక్రాల బూట్లడిగింది.
కంటోన్మెంటు స్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు,
పగుళ్ళలో గరిక.
ఏ పగులు ఎక్కడుందో దాని మోకాళ్ళకి తెలుసు.
జిల్లా పోటీల్లో మూడో బహుమతి తెచ్చింది.
ఎంతమంది దిగారమ్మా అంటే
"ముగ్గురం" అంది, నవ్వకుండా.
మూడోదని ఆ రాత్రి ప్లాంటంతా చెప్పాను.
ఎంతమందిలో అని ఎవరూ అడగలేదు.
అడిగినా చెప్పేవాణ్ణి కాను.

తర్వాత విశాఖ, కాకినాడ, మళ్ళీ విశాఖ.
మైకులో "కొరడా వినీల" అని పిలిచారొకచోట.
కొరడా కాదు బాబూ, కోరాడ,
అని నేను గేలరీలోంచి అరిచేలోపు
అది చక్రాల మీద ఎలిపోయింది.
ఆ రోజు వెండి.

పదిహేనో ఏట ఫోన్లో ఒక పిల్లని చూపించింది.
జర్మనీ అట. దీని ఈడే.
గాల్లో గిర్రున తిరిగి
కత్తి అంచు మీద దిగింది.
రెండోసారి దిగలేదు, పడింది.
"సూడు నాన్నా, పడినప్పుడు చెయ్యెలా మడిచిందో!"
నేను చూసింది చెయ్యి కాదు.
లేచాక ఆ పిల్ల తొడకి అంటిన తెల్లపొడి.
నా లుంగీకి రోజూ అంటేదే.

మర్నాడు రాత్రి ప్లాంటుకి తీసుకెళ్ళాను.
మేస్త్రి సూర్నారాయణ బీడీ వంకన బయటికి నడిచాడు.
నాలుగు దిమ్మలు పక్కపక్కన పేర్చాను,
పైన గోనె వెయ్యలేదు.
అమ్మోనియా ఘాటుకి కళ్ళు మండుతున్నా
ఒంటికాలి మీద చేతులు చాపి నిలబడింది.
ఒక్క చుట్టుకి కూడా చాలని చోటు.
దిగి, అరికాళ్ళు రుద్దుకుంటూ
"ఎంత సల్లగుందో" అంది,
ఐసు గురించి ఇన్నాళ్ళూ ఎవరూ
దానికి చెప్పనట్టు.

గుర్గాంలో ఒక మాల్ పై అంతస్తులో ఉందట ఐసు నేల.
గంటకి అద్దె, నా వారం కూలి.
సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కించి
చీటీ పాటలో ముందే పాడిన డబ్బు చేతిలో పెట్టాను.
బూట్లు అక్కడే అద్దెకి, ఒక సైజు పెద్దవి,
ముందర గుడ్డముక్కలు కుక్కుకుందట.

సెలక్షన్ల రోజు నాకు పగటి డ్యూటీ.
తొట్టి గట్టు మీద ఫోను ఆనించి చూశాను.
రెండు నిమిషాల నలభై సెకన్ల ఆటలో
దాని కాళ్ళు నేల విడిచాయి,
సిగ్నలు పోయింది.
ఎనిమిది నిమిషాలు నా కూతురు గాల్లోనే ఉంది.
జడ అడ్డంగా నిలిచిపోయి,
ఒక కన్ను మూసుకుని.
అది కిందికి దిగకముందే మెసేజి వచ్చింది:
పదకొండు మందిలో తొమ్మిది.

తెల్లారుజామున స్టేషన్లో
సంచీ నా చేతికివ్వకుండానే చెప్పింది,
"అక్కడి ఐసు మెత్తన నాన్నా.
మరీ గట్టిదైతే కత్తి పట్టదట,
సుర్రుమని తోసేస్తాదట."
నాకు నవ్వొచ్చింది.
గట్టి ఐసే మంచి ఐసని
నాకు పని నేర్పినవాడు చెప్పాడు,
వాడికి ఇంకెవడో చెప్పుంటాడు.
పడవల వాళ్ళూ అదే అడుగుతారు.

ఇప్పుడు మళ్ళీ అదే కోర్టు, అవే పగుళ్ళు.
దించేటప్పుడు విరిగిన దిమ్మల్లోంచి
ఒక ముక్క ఊకలో చుట్టి తెస్తాను.
తువ్వాల్లో కట్టి మోకాలికి ఆనించుకుని
ఆ జర్మనీ పిల్ల ఈ ఏడు ఎన్నోదో చూస్తుంది.
ఆ పిల్లా కిందికి జారిందట.
"పాపం" అంటుంది, గొంతులో చిన్న కులుకు.
తువ్వాలు తడిసి నేల మీద చుక్కలు.

ఏప్రిల్లో మళ్ళీ ఉన్నాయట.
ఐదున్నర సైజు, అంది.
నేనడగలేదు.